జిగురు ఆరేలోపు

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించాలి. అక్షరాలు నా దగ్గరకు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లాగే ఎక్కడ కూర్చోవాలో వాటికింకా తెలియదు. లకు, ళకు తేడా నా నోటికి తెలుసు గాని చేతికి తెలియదు. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందకు జారుకుంటాయి. కోడలు కొన్ని దిద్దింది, కొన్ని చూసి నవ్వి వదిలేసింది. ఇది రాయడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది, జరిగింది మాత్రం గంటసేపే. చదివేవాళ్లు కూడా కాస్త మెల్లగా చదివితే ఇద్దరం కలిసి నడిచినట్టుంటుంది.

మా బైండింగు షాపులో, అట్టలేసిన పుస్తకాలను అదిమిపెట్టే ప్రెస్సు చక్రాన్ని మేస్త్రి బలమంతా పెట్టి ఆఖరి చుట్టు తిప్పాడు. "గంట, వదినా. అంతవరకు దాని జోలికి పోకు," అన్నాడు. ఇరవై ఏడేళ్లుగా అట్ట అంటించిన ప్రతి పుస్తకానికీ ఈ మాట అంటూనే ఉన్నాడు, నేను దాని జోలికి పోతానని ఎందుకనుకుంటాడో తెలియదు. అన్నాక చేతులు తుడుచుకుని కిటికీ పక్కన వైరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదని నాకు తెలుసు, నిద్రయితే నోరు తెరుచుకుంటుంది. గోడ గడియారం మూడు కొట్టింది. కుట్టు మిషను ఆవిడ పెళ్లిచూపులని సెలవు పెట్టింది, కటింగు మిషనతను మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. పొడుగాటి ఈ మేడగదిలో మిగిలింది మేస్త్రి, నేను, ప్రెస్సులో ఒకదాని మీద ఒకటి ఊపిరాడకుండా ఉన్న ఇరవై పుస్తకాలు. ఇంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పాలి. రేపటి నుంచి రాను. మూడే మాటలు. పొద్దున బస్సులో పదిసార్లు పెదవులు కదిపి చూసుకున్నాను, పక్క సీటావిడ నేను జపం చేస్తున్నాననుకుని కాళ్లు ముడుచుకుంది. బస్సులో నోటికొచ్చిన మాట ఈ మేడ మెట్లెక్కి పైకి రాలేదు. సాయంత్రం ఐదున్నరకు, కొత్త పనికి పిలిచిన చుక్కల టీచరు ఫోను చేస్తుంది. వస్తానో రానో అప్పుడు చెప్పాలి, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటారు. ఆవిడకు చెప్పేముందు ఈయనకు చెప్పాలి. ఇద్దరికీ ఒకేలా చెప్పలేను. అక్కడ వస్తాననడం ఇక్కడ రాననడమే గదా. ఒక్క నాలుక, రెండు పనులు.

చేతులు ఊరికే ఉండవు. చెబుదామని కూర్చున్నానా, అవి అప్పుడే బల్ల మీది కాగితాన్ని లాక్కుని మధ్యకు మడిచి, చెక్కబద్దతో నున్నగా రుద్ది, మళ్లీ అడ్డంగా మడిచి, మళ్లీ నిలువుగా మడిచి పక్కన పెట్టేశాయి. ఒక పెద్ద కాగితం, మూడు మడతలు, పదహారు పేజీలు. దాన్ని ఫారం అంటాం. నా చేతిలో ఇన్నేళ్లలో ఎన్ని ఫారాలు మడతపడ్డాయో నాకు లెక్క తెలియదు. మేస్త్రి మాత్రం కొత్తవాళ్లకు నన్ను చూపించి, "ఈవిడ మడిచిన కాగితాలు పరిస్తే చంద్రుడి దాకా పోయి, అక్కడ టీ తాగి, తిరిగి రావచ్చు," అంటాడు. మడతక్క అన్న పేరు ఆయన పెట్టిందే. అందరికీ నేను మడతక్కనే, ఆయనకు మాత్రం వదినను. మా ఆయన ఇక్కడ కటింగు మిషను మీద పని చేసేవాడు. వీళ్లిద్దరూ ఒకే సిగరెట్టు చెరిసగం కాల్చే స్నేహితులు. మా ఆయన పోయిన నెలకు మేస్త్రి మా గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పాలో వద్దో తేలక ఒక చెప్పు విప్పి, "వదినా, నీకు బట్టలు మడతపెట్టడం వచ్చుగా? కాగితాలు అంతకంటే బుద్ధిమంతులు, చెప్పినట్టు వింటాయి," అన్నాడు. జాలి మాట ఒక్కటి లేదు. అందుకే వచ్చాను. జాలిపడి పిలిచి ఉంటే రాకపోదును.

అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. పుస్తకాల మధ్య కూర్చుని చదువురాని మనిషంటే చేపల బుట్ట పక్కన కూర్చున్న శాకాహారి లాంటిదని ఆయనే అనేవాడు. అయినా వరస ఏనాడూ తప్పలేదు. ఫారాల వీపుల మీద చిన్న నల్ల గుర్తు ఉంటుంది, ఒక్కో ఫారానికి కాస్త కాస్త కిందకు జరుగుతూ. అన్నీ పేర్చి వీపు చూస్తే గుర్తులు మెట్లలా దిగుతూ రావాలి. ఒక మెట్టు ఎగిరిపోయిందంటే ఏదో ఫారం దారి తప్పిందన్నమాట. ఆ మెట్లు దిగడం నాకు ఇష్టం. వేలు పెట్టి పైనుంచి కిందకు గీసుకుంటూ వచ్చి, ఆఖరి మెట్టు దిగాక పుస్తకాన్ని ఒక్కసారి తట్టి పక్కన పెడతాను, బడికి పంపే పిల్ల జడ తట్టినట్టు. లోపల ఏముందో నాకు అక్కర్లేదు. బయట తిన్నగా ఉంటే చాలు. మా ఆయన ఉన్న రోజుల్లో సాయంత్రం ఇంటికి తెచ్చిన పుస్తకాల అట్టల మీద పేర్లు చదివి వినిపించేవాడు. నీకూ నేర్పుతానే, కాస్త తీరిక చిక్కనీ అనేవాడు. తీరిక ఆయనకు ఒకేసారి చిక్కింది.

నేర్పింది కోడలు. అత్తాకోడళ్లు కూర్చుని గుణింతాలు దిద్దడమేమిటని మావాడు మొదట్లో తలుపు దగ్గరే నిలబడి నవ్వేవాడు. అది ఊరుకునే రకమా? "అత్తయ్యా, ఆ కొమ్ము అంత పొడుగు తీయకండి, పక్క వాక్యాన్ని పొడుస్తుంది," అనేది. "ఆ సున్న చూడండి, గాలి పోయిన సైకిలు చక్రంలా ఉంది. పంపింగు చేసి మళ్లీ రాయండి," అనేది. నాకు అక్షరం మొత్తంగా కనపడదు. పిల్లలు అమ్మ అన్న మాటను ఒక్క చూపులో పట్టేస్తారు. నాకు అ వేరు, మ వేరు, దాని కింద వేలాడే మ వేరు. ఒక్కోదాన్ని పిలిచి, పేరడిగి, కూర్చోబెట్టి ముందుకు పోవాలి. క కు కొమ్మిస్తే కు. ర కు గుడిస్తే రి. పైకే అంటాను. లోపల అనుకుంటే నాకు వినపడదు. బస్సులో బోర్డులు చదివితే జనం తిరిగి చూస్తారు. కోడలికి విసుగు రాలేదు గాని ఒకరోజు మెల్లగా, "ఇక కూడబలుక్కోవడం మానేయాలి అత్తయ్యా, మనసులో చదువుకోవాలి," అంది. ప్రయత్నించాను. మానలేకపోయాను. సిగ్గేసింది, ఇంట్లో ఎవరూ లేనప్పుడే చదవడం మొదలుపెట్టాను.

చదువు వచ్చాక పని చెడింది. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఇరవై ఐదేళ్లు కాగితం నాకు కాగితమే. ఇప్పుడు మడవబోతే అది మాట్లాడుతోంది. ఒక రోజు కోళ్ల పెంపకం పుస్తకంలో, పొదుగుతున్న కోడిని విసిగించరాదు అని ఉంది. విసిగించరాదు అన్న మాట పూర్తయ్యేసరికి మేస్త్రి నీడ బల్ల మీద పడింది. ఇంకో రోజు ఎవరో ఒకాయన తన తాతగారి జీవిత చరిత్ర అచ్చువేయించుకున్నాడు. తాతగారు నదిలో దూకేచోట ఫారం అయిపోయింది, తర్వాతి ఫారం కట్టలో ఎక్కడో అడుగున ఉంది. ఆయన తేలాడో మునిగాడో తెలిసేదాకా నా చేయి ఆడలేదు. గంటలో మడిచే కట్టకు రెండు గంటలు పట్టడం మొదలైంది. అప్పటినుంచి తల పక్కకు తిప్పుకుని గోడ వైపు చూస్తూ మడతపెడుతున్నాను. చూస్తే చదువుతాను, చదివితే ఆగిపోతాను. ప్రెస్సులో ఉన్న ఈ ఇరవై కూడా ఏ పుస్తకాలో నాకు తెలియదు. మేస్త్రి, "వదినా, మెడ పట్టేసిందా, లేక మా మీద అలిగావా?" అన్నాడు. కాని పొద్దున వచ్చేసరికి నిన్న నేను మడవకుండా వదిలిన కట్ట పలచబడి ఉండేది. అడిగితే, "నువ్వే లెక్క తప్పుగా చూశావు," అనేవాడు. మడతల మీద ఆయన వేలి జిగురు మరక ఉండేది. అబద్ధమాడేవాడు చేతులు కడుక్కోవాలని కూడా తెలియదు ఈ మనిషికి.

ఇప్పుడు చెప్పనా? కళ్లు మూసుకునే ఉన్నాడు. కాలి బొటనవేలు మాత్రం ఆడుతోంది. మూడుంపావు దాటింది. జిగురు వాసన ఇంకా పచ్చిగానే ఉంది. అది తడిగా ఉన్నప్పుడు పుల్లటి వాసన, ఆరేకొద్దీ బియ్యం కడిగిన నీళ్ల వాసన. ఇంకాసేపు ఆగుదాం.

చుక్కల టీచరు నాకు నా తప్పు వల్ల పరిచయమైంది. పోయిన ఏడు ఎవరో ఒక కట్ట మందపాటి కాగితాలు తెచ్చి అట్ట వేయమని ఇచ్చి వెళ్లారు. అచ్చు లేదు, రంగు లేదు, తెల్లటి కాగితం నిండా చలికి రోమాలు లేచినట్టు గరుకు గరుకు. నేను మడిచేది అందులో ఏమీ లేదు, కుట్టడం, అట్ట వేయడం మాత్రమే. మేస్త్రి ఆ రోజు లేడు. పాపం కాగితం తడిసి బొబ్బలెక్కిందనుకున్నాను. నాకు తిన్నగా, నున్నగా లేనిదంటే పడదు గదా. బద్దతో ఒక్కో కాగితాన్నీ ప్రేమగా రుద్దాను. అట్ట వేసి, ప్రెస్సులో పెట్టి, గంట చాలదని రాత్రంతా ఉంచాను. మర్నాటికి పుస్తకం అద్దంలా తయారైంది. ఎంత మురిసిపోయానో. తీసుకుపోవడానికి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, కాటన్ చీర, చేతిలో తెల్లకర్ర. పుస్తకం తెరిచి వేళ్లతో తడిమింది. ఇంకో పేజీ తడిమింది. మధ్యలో తెరిచి తడిమింది. తర్వాత మొహం నావైపు తిప్పి, "పిన్నిగారూ, నా పుస్తకాన్ని ఇస్త్రీ చేశారా?" అంది. అని నవ్వింది. ఆ నవ్వు ఆగిపోయాక ఇంకో నాలుగు పేజీలు తడిమి పుస్తకం మూసేసింది. అది చూపులేని పిల్లలు వేళ్లతో చదివే పాఠ్యపుస్తకమని, ఆ గరుకు చుక్కలే అక్షరాలని, దాన్ని బ్రెయిలీ అంటారని, ఆవిడ నాలుగు నెలలు కూర్చుని ఆరు మీటల మిషను మీద కొట్టిందని అప్పుడు తెలిసింది. నాలుగు నెలల మాటల్ని నేను ఒక్క రాత్రిలో చదునుచేశాను. "మళ్లీ కొట్టండి, నేను చదివిపెడతాను," అన్నాను. ఎవరు అన్నారా అని నేనే వెనక్కి చూశాను.

ఆదివారాలు వాళ్ల బడికి వెళ్లాను. మొదటిరోజు నా సిగ్గు చెప్పుకున్నాను. నాకు కూడబలుక్కుంటేనే వస్తుంది, మీకు విసుగొస్తుంది అన్నాను. "ముందు చదవండి చూద్దాం," అంది. న కు గుడి దీర్ఘమిస్తే నీ, ర కు కొమ్మిస్తే రు, నీరు. టకటకా కొట్టింది. ఆగింది. "ఇంకోటి," అంది. సాయంత్రం దాకా అలాగే సాగింది. లేచేటప్పుడు నా చెయ్యి వెతికి పట్టుకుంది. "పిన్నిగారూ, ఇన్నేళ్లుగా నాకు చదివిపెట్టినవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లు. గడగడా చదివేస్తారు. అది హ్రస్వమా దీర్ఘమా, ళా లా, ఒత్తుందా లేదా అని ప్రతి మాటకీ నేనడగాలి, వాళ్లు విసుక్కోవాలి. మీరొక్కరే నాకు కావలసినట్టు చదివారు," అంది. నేను ఇంట్లో తలుపేసుకుని చేసే పని ఆవిడకు కావలసినట్టు ఉండటమేమిటి? బస్సులో ఇంటికి పోతూ బోర్డులన్నీ గట్టిగా చదివాను, ఎవరు చూస్తే నాకేం.

ఒక్కటే తప్పు దొర్లేది. మనకు ఒత్తు అక్షరం కింద ఉంటుంది, అక్షరం అయ్యాక చూస్తాం. ఆవిడ చుక్కల్లో ఆ గుర్తు ముందు పడాలి. నేను అ అని, మ అని, ఆవిడ కొట్టేశాక, దానికి మ ఒత్తు అంటే కాగితం పాడైపోయేది. "బరువుందని ముందే చెప్పాలి పిన్నిగారూ, ఎత్తుకున్నాక చెబితే నడుం పడుతుంది," అనేది. అందుకని ఇప్పుడు మాట ఎదురుగా కనపడగానే ముందు దాని కిందకు చూస్తాను. ఒత్తొస్తోంది అంటాను, తర్వాత అక్షరం చెబుతాను. మేస్త్రి విషయంలో మాత్రం ఇది పాటించలేదు. నెల క్రితమే చెప్పవలసింది. బడివాళ్లు పన్నెండు పుస్తకాలు చేయాలని, రోజూ రమ్మని, ఆరు నెలలకు జీతమిస్తామని అడిగినప్పుడే చెప్పవలసింది. ఆరు నెలలయ్యాక ఆ పని ఉంటుందో ఉండదో వాళ్లకే తెలియదు. ఉంటే నన్ను ఉంచుతామన్నారు, లేకపోతే లేదన్నారు. మావాడు వినగానే పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. "అరవై దాటాక కొత్త ఉద్యోగమేంటమ్మా? ఉన్నది గట్టిగా పట్టుకోవాల్సిన వయసు. అదయిపోయాక మళ్లీ ఇక్కడికే వస్తానంటే, నీ చోట్లో మిషను పెట్టేసుంటారు," అన్నాడు. తప్పేమీ అనలేదు. మడత మిషను బజార్లో వచ్చి చాలా ఏళ్లయింది. మేస్త్రి కొనలేదు. స్థలం లేదంటాడు. స్థలముంది, అందులో నేను కూర్చుని ఉన్నాను. కోడలు మాత్రం కంచాలు తీస్తూ, "నేను మూడు ఉద్యోగాలు మారాను, ఆయన రెండు మారారు. అత్తయ్య ఒక్కటి మారితే మిన్ను విరిగి మీద పడుతుందా?" అంది. వాడు కుళాయి దగ్గర చేయి కడుక్కుంటూ, "మీరిద్దరూ ఒకటయ్యాక ఈ ఇంట్లో నాది అరసున్నా," అన్నాడు. అరసున్నా అంటే రాసేవాళ్లు కూడా మానేసిన అక్షరం. కోడలు చెప్పాకగాని నాకు నవ్వు రాలేదు.

నాకు ఇక్కడ ఏం తక్కువ? ఏమీ తక్కువ కాలేదు. అదే కష్టం. తిట్టేవాడైతే తిట్టాడని పోవచ్చు. జీతం ఎగ్గొట్టేవాడైతే మొహాన చెప్పి పోవచ్చు. ఈ బల్ల ఎత్తు నా మోచేతికి సరిపోవాలని కాళ్లు కోయించాడు. నా ఎడమ భుజం లాగుతుందని కట్టలు కుడివైపు పెట్టిస్తాడు. మా ఆయన పేరెత్తినప్పుడల్లా "వాడు" అని, ఆయన ఇప్పుడే సిగరెట్టు కాల్చడానికి కిందకు దిగినట్టు మాట్లాడతాడు. ఆ వాడు అన్నమాట వినడానికి నాకు వేరే చోటు లేదు. అక్కడ బడిలో ఎవరికీ మా ఆయన తెలియదు. నేను పోతే, నన్ను వదినా అని పిలిచే గొంతు ఎక్కడుంటుంది? మరి పోకపోతే? పన్నెండు పుస్తకాలు గడగడా చదివేవాళ్ల చేతిలో పడతాయి. ఎక్కడో ఒక పిల్ల వేలు పెట్టి తడిమి, కల అని చదువుకుని వెళ్లిపోతుంది, అసలు మాట కళ అని తెలియకుండా. అది నా తప్పు కాదు. కాని నాకు తెలుసు గదా. తెలిశాక తల ఎటు తిప్పుకోను, గోడ వైపా?

బియ్యం కడిగిన నీళ్ల వాసన వచ్చేసింది. నాలుగుకు ఐదు నిమిషాలు. మేస్త్రి కళ్లు తెరిచాడు.

"మేస్త్రీ."

"ఊఁ."

"రేపటి నుంచి రాను."

ఆయన లేవలేదు. "ఎల్లుండి?" అన్నాడు.

"ఎల్లుండీ రాను."

"ఆవలెల్లుండి?"

"మేస్త్రీ, అలా అడగొద్దు."

"సరే, అడగను." కిటికీ బయటకు చూశాడు. "చుక్కలావిడ దగ్గరికేనా?"

"మీకెలా తెలుసు?"

"ఆదివారం వెళ్లొచ్చిన సోమవారాలు నీ మొహం చూస్తున్నాను కదా. మంగళవారానికి మళ్లీ గోడకు తిరుగుతుంది." చేతులు మోకాళ్ల మీద పెట్టి లేచాడు, కుర్చీ వైర్లు కిర్రుమన్నాయి. "నువ్వు పోతే ఇక్కడ మడతలు చెడిపోతాయనీ, మేం బతకలేమనీ అనుకుంటున్నావేమో, అలా ఏం ఉండదు వదినా. చెడిపోతాయి, బతుకుతాం."

ఆరు నెలలే అని, తర్వాత ఏమవుతుందో తెలియదని, మీ మీద కోపం వచ్చి కాదని, గొణుగుతున్నాను. ఆయన వినడం లేదు. ప్రెస్సు దగ్గరికి పోయి చక్రం వెనక్కి తిప్పుతున్నాడు. ఇరవై పుస్తకాలూ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు కాస్త పైకి లేచాయి. పైదాన్ని తీసి, అట్ట తెరిచి, వీపు విరిచి చూసి, నా ముందు పెట్టాడు. "నలభై ఏళ్లుగా అట్టలేస్తున్నాను. ఒక్కటీ లోపల చూసిన పాపాన పోలేదు. ఆవిడకెలా చదువుతావో నాకూ చదువు. నేనూ కళ్లు మూసుకుంటాను," అన్నాడు. నిజంగానే మూసుకున్నాడు. నిలబడే, బల్ల మీద రెండు చేతులూ ఆనించి.

మొదటి పేజీ. బల్ల మీద వెలుగు చాల్లేదు, పుస్తకం కిటికీ వైపు జరుపుకున్నాను. నీళ్ల మోటార్లు బాగుచేసుకునే పుస్తకం. పెద్ద అక్షరాలతో మొదటి మాట. కిందకు చూశాను, ఒత్తు లేదు. పైకే అన్నాను. ప కు సున్న పెడితే పం. ప కు కొమ్మిస్తే పు.

"పంపు," అన్నాను.

మేస్త్రి కళ్లు తెరవలేదు. మీసం కింద ఏదో కదిలింది. "మళ్లీ చెప్పు," అన్నాడు.

"పంపు."

"పంపుతానులే వదినా," అన్నాడు. "దానికి అంత బతిమాలాలా? పంపూ అని దీర్ఘం తీస్తున్నావు."

"దీర్ఘం లేదు మేస్త్రీ. ఉట్టి కొమ్మే."

"నాకు దీర్ఘమే వినపడింది," అన్నాడు. అని, బల్ల మీద చేతులు అలాగే ఉంచి, కళ్లు ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు. "ఊఁ, ఆ పక్క మాట కానీ."

ఇట్లు,
మడతక్క అని అందరూ పిలిచే మనిషి,
వయసు అరవై ఒకటి,
ఉండటం కొడుకు కోడళ్లతో, బస్సు డిపో వెనక వీధిలో, రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ చేతివైపు తలుపు. పగలు వస్తే ఉండను, బడిలో ఉంటాను.